రూళ్ల పుస్తకం మీద సూది

మల్కాపురంలో మా వీధికి కుళాయి తెప్పించింది నేను. ఊరి బడిలో ఐదో తరగతి చదివి, పోర్టులో కలాసీగా చేరి, గాంగు మేస్త్రీనయినవాణ్ణి. వీధి చివర రేకుల షెడ్డు దగ్గరుండి వేయించిందీ నేనే. ఇవి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కాని ఆ షెడ్డులో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పింది అసిరమ్మ. మొన్న మా వీధి సంఘం సభలో ఆ ఘనత శ్రీరామ్మూర్తికి కట్టబెట్టి దండ వేశారు. ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

అసిరమ్మ మా గాంగులో పనిచేసిన గంగరాజు భార్య. ఓడ మీద అతని చెయ్యి నలిగిపోయాక పాత కుట్టుమిషను కొని ఇల్లు నడిపింది. వాళ్ల ఒంటిగదిలో మంచానికే చోటు చాలదు. మిషను షెడ్డులో పెట్టుకోమన్నాను.

డెబ్భై తొమ్మిదిలో అక్కడే ఆడవాళ్లకు రాత్రిబడి పెడతామని వయోజన విద్య ఆఫీసువాళ్లు వచ్చారు. సూపర్‌వైజరు శ్రీరామ్మూర్తి కొబ్బరికాయ కొట్టి, ఒక కట్ట రూళ్ల పుస్తకాలు ఇచ్చి పోయాడు. వానాకాలం వెళ్లిపోయింది, పంతులు మాత్రం రాలేదు. పుస్తకాలకు చెదలు పట్టబోతుంటే అసిరమ్మ అటక మీంచి దించింది.

రాత్రిబడికి పేరిచ్చిన ఆడవాళ్లను పిలిచి, మిషనుకు మొద్దుబారిన పాత సూది బిగించి, దారం ఎక్కించకుండా, గీత వెంబడే మిషను తొక్కమంది. గురి తప్పితే బొక్క ఎక్కడ పడిందో కాగితమే చెబుతుంది. గుడ్డ పాడవదు. నిండిన కాగితాలు అతికించి జాకెట్టు చేతులకు, మెడలకు అచ్చులు కత్తిరించింది. నేనెంతమందికో పని నేర్పినవాణ్ణి, ఈ ఉపాయం నాకు తట్టలేదు.

పై ఆఫీసరు తనిఖీకి వస్తాడనగా శ్రీరామ్మూర్తి పరుగెత్తుకొచ్చాడు. పుస్తకాలు తెరిస్తే ఒక్క అక్షరం లేదు, అన్నీ బొక్కలే. సర్కారు సొమ్ము జల్లెడ చేశావని ఆవిణ్ణి అందరి ముందూ తిట్టాడు. మిగిలిన కాగితాల్లో ఎవరిచేతనైనా అఆలు రాయించి, ఆడవాళ్లే రాశారని చెప్పమన్నాడు.

అసిరమ్మ మిషను ఆపింది.

“పంతులు రానేదు బాబూ. రేపంపండి, రేపే దిద్దుతాం. రాని సదువు వొచ్చీసినట్టు మాత్రం సెప్పం.”

“నోరు బాగానే లేస్తోంది. అయితే ఈ మిషను తొక్కడం కూడా ఇవాళ్టితో ఆఖరు.”

అన్నంత పనీ చేసి, షెడ్డుకి తాళం వేసి పోయాడు. మిషను లోపలే. ఒక బడి పిల్లల యూనిఫారాలకు ఒప్పుకున్న గుడ్డా లోపలే. అది వాళ్లకు తొలి బేరం.

రెండింటికి డ్యూటీ దిగి వచ్చేసరికి ఆడవాళ్లు గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. తాళం బద్దలు కొడితే మర్నాడు ఇంకోటి వేస్తాడు. అందుకని గునపం తెచ్చి, తలుపునే బందులతో సహా పెకిలించి మా పెరట్లో పడేశాను. ఆ పనికి ఈనాటికీ నాకు గర్వమే. వీధంతా మెచ్చుకుంది, అసిరమ్మ తప్ప.

“తలుపు పీకీసినావు, బాగుంది. వానొత్తే మిసను మీద నీ పంచి కప్పుతావేటి అన్నా?”

పోర్టులో ఎరువు దిగాక మిగిలిన ప్లాస్టిక్ సంచులు మా ఇంట్లో ఉంటే తెమ్మంది. అంతవరకూ కాగితం తప్ప కుట్టని నూకాలుని మిషను ముందు కూర్చోబెట్టి, కొత్త సూది పెట్టి దారం ఎక్కించింది. సంచి మీద గీతలు లేవే అని నూకాలు భయపడింది.

“ఉన్నాయనుకుని తొక్కు” అంది అసిరమ్మ.

చీకటి పడేలోగా గుమ్మానికి తెర వేలాడింది. మర్నాడు శ్రీరామ్మూర్తి ఇంకో తాళం పట్టుకొచ్చి, వేయడానికి గొళ్లెం కనబడక, తెర అటూ ఇటూ ఎత్తి చూసి వెళ్లిపోయాడు. లోపల యూనిఫారాలు కుడుతున్న చప్పుడు ఆగలేదు.