దబీర్‌పురాలో దిగి, వరఖ్ గల్లీ దాకా

లింగంపల్లిలో ఫలక్‌నుమా లోకల్ ఎక్కేసరికి ఎనిమిదిన్నర. రెండో శనివారం కాబట్టి నాకు బ్యాంకు సెలవు. టికెట్టు మనిషికి పదిహేను రూపాయలు. ఈ ఊళ్లో అంత తక్కువకి అంత దూరం తీసుకెళ్లేది ఇంకోటి నాకు తెలీదు. కిటికీ పక్క సీటు మా బాపుకి ఇచ్చి నేను ఎదురుగా కూర్చున్నాను.

ప్రయాణం ఎందుకంటే, దాచడానికేముంది, బాపు చేత మాట్లాడించడానికి. అమ్మ పోయి ఎనిమిది నెలలు. సైదాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేయించి ఆయన్ని నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పట్నుంచి ఆయన నోట రోజుకి నాలుగు మాటలు వస్తే గొప్ప. కంచన్‌బాగ్ దగ్గర ఒక చిన్న ఇనుప షెడ్డులో ముప్పై ఐదేళ్లు పనిచేశాడు. ఎర్రగా కాల్చిన ఇనుమును పట్టకారుతో పట్టి సుత్తి మిషను కింద పెట్టడం ఆయన పని. ఆ మోతకి చెవులు మెల్లమెల్లగా పోయాయి. నేను చెవి మిషను కొనిచ్చాను, ఆయన దాన్ని డబ్బాలోంచి తీయడు. నేను అరుస్తాను, ఆయన గోడకేసి చూస్తాడు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ ఆయన నోరు పెగల్లేదు. ఇలాగే సాగితే నా ఇంట్లో ఉంటూనే ఈయన నాకు దక్కకుండా పోతాడని భయం పట్టుకుంది.

బేగంపేటలో పూలబుట్టతో ఒక పెద్దామె ఎక్కింది. కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏడికి పోతున్రు బిడ్డా?"

"చార్మినార్ కాడికమ్మా."

"మీ నాయిన మాట్లాడడేంది?"

"చెవులు వినరావు."

"చెవులు వినరాకుంటే నోరు గూడ పోతదా ఏంది?" అనేసి, బుట్టలోంచి ఒక బంతిపువ్వు తీసి బాపు చేతిలో పెట్టింది. బాపు దాన్ని జేబులో వేసుకున్నాడు.

కాచిగూడ దాటాక రైలు మూసీ మీదికి వచ్చింది. వంతెన కింద నల్లటి నీళ్లు, గడ్డి, గేదెలు. ఇదేనా నది అని ముక్కు మూసుకునేవాళ్లు ఎక్కువ. నేనూ అంతే.

దబీర్‌పురాలో దిగేసరికి పదింబావు. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. లోపలున్నవన్నీ ఒక్కడు పోగుచేసినవంటే నమ్మబుద్ధి కాదు. మేలిముసుగు కప్పుకున్న పాలరాతి స్త్రీ ముందు నిలబడి, ఇది రాయేనా, తడిగుడ్డా అని పదినిమిషాలు గొణుక్కున్నాను. అంత చోద్యం నా జన్మలో చూడలేదు.

నా అసలు ఎత్తు వేరే ఉంది. అక్కడొక పాత గడియారం ఉంది. గంట గంటకీ అందులోంచి గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కాబట్టి జనం ముందే వచ్చి కూర్చుంటారు. మేం పదకొండున్నరకే చోటు పట్టుకున్నాం. పిల్లలూ ముసలివాళ్లూ బురఖాల వాళ్లూ స్కూలు టీచర్లూ అందరి చూపూ ఒక్క చోటే. ఆ గంట బాపుకి వినిపిస్తే చాలు, చెవి మిషను మీద గురి కుదురుతుందని నా ఆశ. బతిమాలి బతిమాలి చెవిలో పెట్టించాను.

గడియారంలో ఇంకో బొమ్మ ఉంది, సెకను సెకనుకీ సుత్తితో కొడుతూ ఉండే కమ్మరి. బాపు దాన్నే చూస్తున్నాడు. పన్నెండైంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. గడ్డపాయన వచ్చి మొదటి దెబ్బ కొట్టాడో లేదో, బాపు చెవిలో మిషను కుయ్యిమంది. పక్కనున్న నాక్కూడా వినిపించింది. బాపు మొహం చిట్లించి దాన్ని పీకి నా ఒళ్లో పడేశాడు. మిగతా పదకొండు దెబ్బలూ నేను వినలేదు. వినే స్థితిలో లేను.

బయట తోటలోకి రాగానే బరస్ట్ అయిపోయాను. "గింత చేస్తున్న కదా బాపూ! ఒక్క ఘడియ ఉంచుకుంటే ఏం పోతుండె? నీకోసమే కదా తెచ్చిన!" పక్కన సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్లు ఫోన్లు దించేశారు. బాపు నా పెదాల వంక చూసి, "లొల్లి వెట్టకు," అన్నాడు. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన తొలిమాట అది. నాకు సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నయాపుల్ మీదికి నడిచాం. వంతెన మీంచి చూస్తే ఒక ఒడ్డున ఎర్రటి హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఆస్పత్రి గుమ్మటాలు. నా కోపం అక్కడ కొంచెం చల్లారింది. నూరేళ్లు దాటిందట, ఈ మురికి నీళ్లే ఒకప్పుడు పొంగి సగం ఊరిని ఊడ్చుకుపోయాయి. వంతెన మీద మొక్కజొన్న పొత్తులు కాల్చే భాయ్ చేత్తో అవతలి ఒడ్డు చూపించాడు.

"ఆడ దవాఖాన తోటల చింతచెట్టున్నది మేడమ్. తూఫాన్ల నూటయాభై మంది దాని మీదికెక్కి బతికిన్రంట. ఇంక ఖడా హై, నిలబడే ఉన్నది, చూడుండ్రి."

నూటయాభై మంది! ఒక చెట్టు! గేదెలు మేస్తున్న ఆ ఏటి వంక మళ్లీ చూడాలంటే ఒళ్లు జలదరించింది.

పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద నడుస్తూ, దారిలో బిర్యానీ తిని, చార్మినార్ చేరేసరికి రెండు దాటింది. మినారు లోపలి మెట్లు ఇరుకు, ఎత్తు, చీకటి. మొదటి అంతస్తు దాకే పోనిస్తారు. అదే చాలు. పైనుంచి నాలుగు దిక్కులకీ నాలుగు దారులు చీలిపోతూ కనిపిస్తాయి. నాలుగు వందల ఏళ్ల కింద ఎవరో ఇక్కడ నిలబడి, ఊరు ఇలా ఉండాలని గీత గీశారు. ఆ గీత మీదే ఇప్పుడు ఆటోలు, బండ్లు, గాజుల బేరాలు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే బాపు కమాను గచ్చును అరచేత్తో తడిమి చూస్తున్నాడు.

మూడున్నరకి కిందకి దిగి, గాజుల బజారు రద్దీ తప్పించుకుందామని ఒక గల్లీలోకి మళ్లాం. లోపల టక్ టక్ టక్ అని ఎడతెగని చప్పుడు. వరఖ్ కొట్టే కొట్టది, మిఠాయిల మీద అతికిస్తారే, ఆ వెండి రేకు. చిన్న వెండి ముక్కల్ని తోలు పుటల మధ్య పెట్టి, ఆ పుస్తకాన్ని రాతి మీద గంటలకొద్దీ బాదుతారు. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచన అవుతుంది. కొట్టు చూసుకునే ఆయన యూసుఫ్ భాయ్. బాదుతున్న తెల్లగడ్డం పెద్దాయన వాళ్లన్న.

బాపు గడప దగ్గరే ఆగిపోయాడు. చప్పుడు వినపడదు కదా, నేల అదురు పాదాలకి తెలిసిందేమో. అయిదు నిమిషాలు కదల్లేదు. ఉన్నట్టుండి పిడికిలి బిగించి తల మీదికెత్తాడు. ఆ పెద్దాయన్ని కొట్టబోతున్నాడనే అనుకున్నాను.

"బాపూ!"

పెద్దాయన సుత్తి గాల్లోనే ఆగిపోయింది. బాపు లోపలికెళ్లి ఆ సుత్తి తలను రెండు వేళ్లతో కదిపాడు. పిడి మీద వదులై ఊగుతోంది. ఇంకో నాలుగు దెబ్బలైతే ఊడి ఎవరి మొహాన పడేదో. పెద్దాయన చూసి, బోసినోటితో పెద్దగా నవ్వాడు.

యూసుఫ్ భాయ్ నా వైపు తిరిగాడు. "మా అన్నకు వినరాదమ్మా. నేను గొంతు చించుకున్నా పలకడు. మీ బాపు చెయ్యి లేపంగనే ఎట్ల ఆగిండో చూసినవా! ఇంట్ల ఎవ్వలితోని ముచ్చట పెట్టడు, మస్తు పరేషాన్ ఉంటం."

సుత్తి తల కదలకుండా పిడిలో చెక్కముక్క బిగించారు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకరిది వెండి, ఒకరిది ఇనుము, ఒకరిది ఉర్దూ, ఒకరిది తెలుగు. అయినా ఏదీ అడ్డం రాలేదు. ఎన్నేళ్లు, ఎంత బరువు సుత్తి, ఏ చెవి ముందు పోయింది, అన్నీ వేళ్లతోనే. బాపు మొహం అంత చురుగ్గా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఒకచోట ఆయన తన మణికట్టు చుట్టూ వేలు తిప్పి గాజులు చూపించాడు, తర్వాత ఖాళీ అరచెయ్యి తెరిచాడు. అమ్మ గురించి. పెద్దాయన ఆ అరచెయ్యి మీద తన చెయ్యి పెట్టి మూసేశాడు. నాతో ఎనిమిది నెలలుగా అనని మాట, ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు. కుళ్లుకున్నాను, అబద్ధమెందుకు. గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

అయిదుంబావుకి దబీర్‌పురాలో తిరుగు రైలు దొరికింది. పెట్టెలో సగమే జనం. నేను బాపు మోకాలు తట్టి, పిడికిలి బిగించి తల మీదికెత్తాను.

"ఏందే, బండి ఆపుతవా?" అన్నాడు. ఆయన గొంతు పెట్టెంతా వినిపించి నలుగురు నవ్వారు.

ఆయన చేతులు చూపించి, "నేర్పు," అన్నాను, అరవకుండా. నా పెదాలు చదివాడు. మలక్‌పేట దాటాక ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు. పిడికిలి అంటే ఆగు. అరచెయ్యి బోర్లించి ఊపితే మెల్లగా కొట్టు. చూపుడువేలితో ఛాతీ మీద రెండుసార్లు తడితే, గట్టిగా పట్టుకున్న, ఇక కొట్టు. మాట వినపడని మోతలో, ఎర్రటి ఇనుము పట్టుకున్నవాడు సుత్తి మిషను నడిపేవాణ్ని నమ్మి చెప్పే మాట. అయిదువేళ్లు ముడిచి గదవ దగ్గర, అదే గడ్డం దగ్గర, తిప్పితే, తిన్నావా.

ఆ చివరిది నాకు తెలుసు. పొయ్యి దగ్గర నిలబడి అమ్మ రోజూ చేసేది. ఊరికే చేతులు తిప్పే అలవాటనుకున్నాను. చుట్టాల ముందు అలా తిప్పకని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

"అమ్మకు వచ్చా?"

"రాకేంది? లగ్గమైన ఏడాదికే నేర్చుకున్నది. పొద్దూకి ఇంటికొస్తె నా చెవులల్ల ఇంక మోతనే ఉంటుండె. ఇంట్ల గీ మాట మీ అమ్మకొక్కదానికే ఎరుక." కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "ఆమె పోయినంక ఎవ్వలతోని మాట్లాడాలె బిడ్డా?"

రైలు మూసీ దాటుతోంది. ఎనిమిది నెలలు ఆయనకి చెవులు తెచ్చిపెట్టాలనే చూశాను గానీ, మాట పోగొట్టుకున్నాడని నాకు తట్టలేదు.

మీరూ వెళ్లండి. గంట కొట్టే బొమ్మనీ, ముసుగు కప్పిన రాతినీ, నాలుగు దారుల్నీ తీరిగ్గా చూడండి. నాకైతే అన్నింటికన్నా గొప్పగా కనిపించినవి వరఖ్ గల్లీలో ఆ రెండు జతల చేతులే. కాచిగూడలో రైలు ఆగినప్పుడు నేను అయిదువేళ్లు ముడిచి, గదవ దగ్గర పెట్టుకుని తిప్పాను. బాపు తల అడ్డంగా ఊపాడు. "గట్ల కాదు," అని నా బొటనవేలు పట్టుకుని లోపలికి మడిచాడు. లింగంపల్లి వచ్చేదాకా నా వేళ్లు వదల్లేదు.