తూర్పుగాలి లేచిన రోజు

పటేల్‌గూడలో ఇవాళ మబ్బు పట్టగానే పక్కింటామె "అక్కా, గాలి జోర్గ వస్తుంది, జెర బట్టలు తీస్కో" అని కేకేసింది. తడిమట్టి వాసనకు గోదావరి మీది మా పడవ గుర్తొచ్చింది. నాలాగే పడవే ఇల్లుగా పెరిగినవాళ్ళారా, తాటాకు గూడు కింద పొయ్యి పొగ, ఎండుచేపల వాసన మీకూ గుర్తున్నాయా?

నా చిన్నప్పుడు ఓ రోజు చెల్లికి జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి బయలుదేరుతుండగా తూర్పుగాలి లేచింది. నాన్న తెరచాప దించేశాడు.

"దాటితే డాక్టరు దగ్గరుంటాం కదా," అంది అమ్మ.

"నడిమికెళ్తే పడవ తిరగబడుద్ది. ఈ ఒడ్డెంటే పోదాం. ఎగువ ఊళ్ళో కాంపౌండరున్నాడు."

నాన్న గెడ వేస్తూ ఒడ్డు వెంటే పడవ నడిపాడు. దారంతా అమ్మ ఆయన వైపు వీపు పెట్టి, అవతలి ఒడ్డునే చూసింది. నేను చెల్లి చెయ్యి పట్టుకుని, ఊపిరి తీస్తోందో లేదోనని దాని పొట్టనే చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు ఊరు చేరాం. కాంపౌండరు సూది వేశాడు.

పడవలోకి తిరిగొచ్చాక చెల్లి గంజి అడిగింది. అమ్మ నది నడుమ విరుచుకుపడుతున్న అలలవైపు చాలాసేపు చూసింది. తర్వాత బొబ్బలెక్కిన నాన్న అరచేతులు తన ఒళ్ళోకి తీసుకుని కొబ్బరినూనె రాసింది.