జెముడుకంచె పోయిన ఏడు

పోయిన వారం మా పక్కింటి కోడలు నన్ను పిలిచి మేడ మీద కుండీ ఒకటి చూపించింది. హిందూపురం ఎండలకు ఏ మొక్కా నిలవడం లేదని ముచ్చటపడి తెచ్చుకున్న నాగజెముడు. మట్టల మీద తెల్లగా దూదిలాంటిదేదో పట్టింది. తుడవబోతే వేలికి నెత్తురులా ఎర్రగా అంటుకుందట, పిల్ల బెదిరిపోయింది. నరికినా, కాల్చినా చావని మొండిదానికి కుండీ, నీళ్ళు, పైగా నీడ! నాకు నవ్వొచ్చింది. కానీ ఆ ఎరుపు చూశాక ఇంటికొచ్చి కూర్చోలేక, పడుకోలేక, ఆ పూటంతా వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

యాభైల చివర్లో నేను ధర్మవరం నుంచి పెనుకొండ పక్క పల్లెకు కాపురానికి వచ్చాను. మా పుట్టింటి చుట్టూ మగ్గాలే, అందుకని నాకు పట్టంటే చీరే. అత్తగారింట్లో పట్టంటే పురుగు, ఆ ఇంట్లో పెత్తనం కూడా దానిదే. కాళ్ళు కడుక్కోకుండా వాటి గది గడప తొక్కకూడదు. తలనూనె వాసన తగలకూడదు, తిరగమోత ఘాటు పోకూడదు. కొత్త కోడలికి లేని మర్యాదలన్నీ వాటికి జరిగేవి. మామ పోయాక మా అత్త ఆ పురుగుల మీదే కొడుకును సాకింది కాబట్టి నేనూ నోరు మూసుకున్నాను. వాటి మేతకు మల్బరీ తోట, తోట చుట్టూ మామ చేత్తో నాటిన జెముడుకంచె. మేక మూతి కూడా దూరేది కాదు.

ఊరికి మాత్రం జెముడంటే పగ. కంచెకని తెచ్చుకున్నది కంచె దాటి పశువుల బీడంతా మింగింది, వంకకు పోయే దోవ మూసేసింది. గొడ్లు నోటినిండా ముళ్ళతో ఇంటికొచ్చేవి. నరికితే నరికిన ముక్కకల్లా వేరు పుట్టేది. జెముడు తప్ప ఇంకేదీ ముట్టని పురుగు ఒకటి ఉందనీ, పక్క ఊళ్ళో అది బీళ్ళకు బీళ్ళే కరిగించిందనీ వ్యవసాయం ఆఫీసు నుంచి వచ్చినాయన చెప్పాడు. మా ఆయన ఇంటికొక మనిషిని పోగేశాడు. బండ్లు కట్టుకుని పోయి, తెల్లగా పురుగు పట్టిన మట్టలు గంపలకెత్తి తెచ్చి, ఊరంతా కలిసి బీటిలోని జెముడు పొదలకు గుచ్చారు. బండి కట్టుకుని పోయి తెగులు తెచ్చుకున్న ఊరు మనదేనని ముసలోళ్ళు నవ్వారు.

మా అత్త నవ్వలేదు. ఒకటే ప్రశ్న పట్టుకుంది. "అది జెముడే తింటాదని నీకెవురు చెప్పినార్రా? ఆకలైతే నా మల్బరాకు తినదా?" మన కంచె జోలికి ఒక్క మట్టా తేనని మా ఆయన మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. గాలి మాత్రం ఎవరికీ మాటివ్వలేదు కదా. కొన్నాళ్ళకు కంచె ఒక మూల తెల్లబడింది. కొడుకే గుచ్చాడని అనుకుని ఆమె మాట మానేసింది. అన్నానికి రమ్మనాలన్నా నేనే రాయబారం.

పట్టుపురుగుల తట్టలో ఒకదానికి రోగమొస్తే దాన్ని ఏరి దూరంగా పారేయాలి, అప్పుడే మిగతావి బతుకుతాయి. ఆమెకు తెలిసిన వైద్యం అదే. పొద్దున్నే కొడవలి తీసుకుని తెల్లబడిన మట్టలన్నీ కోసేది. నేను గంపకెత్తేదాన్ని. ఇద్దరం మోసుకెళ్ళి తోట అవతలి కొసన, కంచె మొదట్లోనే పోసేవాళ్ళం. కొన్నాళ్ళకు ఆ కొస తెల్లబడేది. ఇంకా ఎక్కువ కోసి ఇంకో కొసకు మోసేవాళ్ళం. ఊరంతా కూడి బీటికి చేసిన పని మా తోటకు అత్తాకోడళ్ళమే చేసిపెట్టాం. అది తట్టేసరికి కంచె కుళ్ళి కూలబడింది.

సరిగ్గా అప్పుడే పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయి. పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని మేం జ్వరమంటాం. లేచాక వాటి ఆకలికి అంతుండదు, ఆకు తింటుంటే గదిలో వాన పడ్డట్టు చప్పుడు. ఆ మధ్యాహ్నం మేకలమంద తోటలో పడింది. మేం పరుగెత్తేసరికి పుల్లలే మిగిలాయి. ఆ పంటే మా ఏడాది తిండి. గదిలో చప్పుడు ఆగిపోయింది, తట్టల నిండా పురుగులు తలలెత్తి వెతుకుతున్నాయి. సంగతి విని మా ఆయన నీళ్ళయినా తాగకుండా సైకిలెక్కి పోయాడు. ఎక్కడికో చెప్పలేదు. నాకు కాలు నిలవలేదు, గదికీ వీధికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో. అత్త మాత్రం ఒక్కో తట్టా దింపి చూసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ దింపేది.

పొద్దు వాలుతుండగా వచ్చారు. బీటిలో మట్టలు గుచ్చినవాళ్ళే, చుట్టుపక్కల తోటలన్నీ అడిగి కోసుకొచ్చిన ఆకు మూటలు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. అంత గండంలోనూ మా అత్త గడపకు అడ్డం నిలబడి అందరి చేతా కాళ్ళు కడిగించింది. మా ఆయన ఆఖర్న వచ్చాడు. ఆమె చెంబు అతని చేతికివ్వకుండా పట్టుకునే ఉంది.

"కంచెకు నువ్వు పెట్టలేదులేరా," అంది. "నా గంపతో నేనే మోసినా."

ఆయన కాళ్ళు ముందుకు పెట్టాడు. "నీళ్ళు పొయ్యిమ్మా," అన్నాడు, "అవి ఆకలితో ఉండాయి."

సగం తట్టలే గూడు కట్టాయి. సగం పోయాయి. ఆ యేడు సంగటి పలచబడింది గానీ ఇంట్లో రాయబారాలు మాత్రం ఆగిపోయాయి. తర్వాత బీడంతా శెనక్కాయ చేలైంది, తోటకు ఏటా కంప కొట్టి కంచె వేసుకునేవాళ్ళం. ఇప్పుడు అత్తా లేదు, ఆయనా లేడు. యాభై ఏళ్ళు దాటిన కాపురం ఎలా గడిచిపోయిందని అడిగితే చెప్పలేను. తట్టల్లో ఆకు పరిచి, మళ్ళీ ఆ చప్పుడు మొదలవుతుందో లేదోనని ముగ్గురం చెవులు రిక్కించి నిలబడిన ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా గడవనేలేదు.