వెళ్ళొస్తానన్న దెయ్యం

బాబాయిగారు పోయారని కేబుల్ అతను ఫోన్ చేసి చెప్పాడు. కాకినాడలో ఆఫీసు మూసే వేళ, నేను సంచి సర్దుకుంటున్నాను. "మీకు చెప్పకపోతే ఎలాగని చేశానండి. మధ్యాహ్నం టీవీ ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారంటండి. పనమ్మాయి కాఫీ పెట్టనా అంటే పలకలేదంట" అన్నాడు. టీవీలో ఏం వస్తోందని అడిగాను. చావు కబురు విని ఎవరూ అడిగే ప్రశ్న కాదది. కానీ అతనికి అర్థమైంది. "ఏం లేదండి. క్యాసెట్ అయిపోయి నీలం తెర ఉందంటండి" అన్నాడు.

ఆయన నాకు చుట్టం కాదు. రాజమండ్రిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, గోదావరి గట్టుకు దగ్గరగా ఒక సందులో వాళ్ళ వెనక వాటాలో అద్దెకు దిగాను. మా వైపు ఇంటివాళ్ళు బాబాయిగారూ పిన్నిగారూ కావడానికి ఎంతో కాలం పట్టదు. సామాన్లు దించుతుండగానే పిన్నిగారు పనసపొట్టు కూర గిన్నెతో వచ్చి, "ఇవాళ పొయ్యి వెలిగించకమ్మాయ్, పాలు పొంగించి ఊరుకో" అన్నారు. వరస అప్పుడే కుదిరిపోయింది.

బాబాయిగారు పెళ్ళి వీడియోలు తీసేవారు. భుజం మీద బరువైన కెమెరా, పక్కన లైటు పట్టుకుని పిన్నిగారు. లైటు పట్టడానికి మనుషులు దొరక్క కాదు, ఆవిడ పడితే వెలుగు ఊగదని ఆయన నమ్మకం. "తలంబ్రాలప్పుడు మండపమంతా నవ్వుతుంది కదమ్మా, మీ పిన్ని మాత్రం నవ్వదు, చెయ్యి కదులుతుందని" అని మురిసిపోయేవారు. మురిసిపోవలసిందే మరి. ఊళ్ళో ఎందరి అత్తగార్లో, ఆడపడుచులో, భోజనాల దగ్గర అప్పడం అందుకుంటూ సిగ్గుపడిన ఏ దూరపు బంధువో, అందరూ ఆయన క్యాసెట్లలో కదులుతూ ఉన్నారు. వాళ్ళందరి మీదా వెలుగు వేసిన మనిషి ఒక్క క్యాసెట్‌లోనూ లేదు. అప్పట్లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, ఆవిడకు తప్ప.

మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు. పురోహితుడికీ, వంటవాడికీ, బాజాభజంత్రీలకీ పని లేనట్టే బాబాయిగారి కెమెరాకీ ఉండేది కాదు. ఖాళీగా పెడితే తేమకి లెన్సు బూజు పడుతుందని ఆయన భయం. అందుకని మూఢంలో దెయ్యాల సినిమాలు తీసేవారు. పది నిమిషాల సినిమాలు. కేబుల్ అతను తన లోకల్ ఛానెల్లో శనివారం పాటలయ్యాక వేసేవాడు. "మంచి రోజులు మనుషులకి, చెడ్డ రోజులు దెయ్యాలకి. ఎవరి సీజన్ వాళ్ళదమ్మా" అనేవారు. పాతికేళ్ళలోపు వాళ్ళకి ఇప్పుడివన్నీ తమాషాగా ఉంటాయేమో గానీ, ఆ పది నిమిషాల్లో మా సందులో ఏ ఇంట్లోనూ చప్పుడుండేది కాదు.

రాత్రి సీన్లన్నీ ఆయన మధ్యాహ్నం భోజనాలయ్యాకే తీసేవారు. చీకట్లో తీస్తే ఆ కెమెరాకి చీమలు పాకుతున్నట్టు చుక్కలు వచ్చేవి. కిటికీలకి దుప్పట్లు కట్టి, ఒక్కచోట సందు వదిలేవారు. పని మొదలుపెట్టే ముందు కెమెరాకి ఒక తెల్లబట్ట చూపించి, తెలుపంటే ఇదీ అని దానికి చెప్పుకోవాలట. ఈయన తెల్లబట్టకి బదులు పిన్నిగారు గడపకి పసుపు రాసే గుడ్డ చూపించేవారు. పసుపునే తెలుపనుకున్న ఆ అమాయకపు కెమెరా, తక్కిన ఇల్లంతా నీలంగా చూసేది. తెర మీద అచ్చం వెన్నెల. మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. "దేవుడి గుడ్డ పెట్టి దెయ్యాల్ని పిలుస్తారు, ఈయన తెలివి ఇంతే" అని పిన్నిగారు విసుక్కున్నారు.

ఆయనకి కొన్ని పట్టింపులుండేవి. తెల్లచీర, విరబోసిన జుట్టు పనికిరావు. పిల్లిని దూకించి ఉలిక్కిపడేలా చేయడం బద్ధకస్తుల పని. కింద నుంచి లైటు వేస్తే మేనత్త కూడా రాక్షసిలాగే ఉంటుంది, అందులో మన గొప్పేం లేదనేవారు. భయం చప్పుడులో లేదు, చప్పుడు ఆగడంలో ఉందనేవారు. అందుకే ముందు కీచురాళ్ళనో ఉయ్యాలబల్ల గొలుసునో కాసేపు వినిపించి, మనం దాన్ని మరిచిపోయాక ఠక్కున తీసేసేవారు. అన్నిటికన్నా పెద్ద పట్టింపు, దెయ్యాన్ని చూపించకూడదు. చూసినవాడి మొహం చూపించాలి. ఆ తర్వాత ఖాళీ కుర్చీ చూపించాలి. "కుర్చీ మీద కెమెరా అలా ఉంచెయ్యమ్మా. కదపకు. చూసేవాడే ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టుకుంటాడు" అనేవారు. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో వాళ్ళు వచ్చి కూర్చుంటారని ఆయన ఉద్దేశం.

ఒక మూఢంలో ఆయన రాసుకున్న కథ ఇది. భార్య పోయిన ఒకాయన ఇంట్లో కూర్చుని ఉంటాడు. ఎదురుగా పేము కుర్చీ. అందులోంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది. చారు వేడి చేసుకోండి, గొడుగు మేడ మీద మరిచిపోయారు, ఇలాంటి మాటలే. చివర్లో "ఏవండీ, వెళ్తానండీ" అంటుంది. అంతే కథ. మన ఇళ్ళల్లో బతికున్న మనిషెవరూ గుమ్మం దిగుతూ "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. ఆ ఒక్క మాటతో ఆవిడ ఇక రాదని చూసేవాడికి తెలియాలి, ఒళ్ళు జలదరించాలి. భర్త వేషానికి కేబుల్ అతను తలకి పౌడరు పూసుకుని వచ్చాడు. దెయ్యం గొంతు పిన్నిగారిది. లైటు పట్టుకునే పని నాకు పడింది.

ఆవిడ ఉప్పాడ చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డారు. గొంతుకి చీరెందుకే అని ఆయన నవ్వారు. "ఒక్కసారి నన్నూ చూపించవచ్చు కదండీ. ఇన్నాళ్ళూ లైటు పట్టాను" అన్నారావిడ. అడగడం కూడా గట్టిగా అడగలేదు, పక్కింటివాళ్ళని తోడు పెరుగు అడిగినట్టు అడిగారు. "దెయ్యాన్ని చూపిస్తే సినిమా చచ్చిపోతుందే" అన్నారాయన. ఆవిడ సరేనన్నారు.

అసలు పేచీ తర్వాత వచ్చింది. కేబుల్ అతన్ని చూసి "ఏవండీ" అని పిలవమంటే ఆవిడ ససేమిరా అన్నారు. పరాయి మగాడు, పైగా మీసం మొలిచినప్పట్నుంచీ చూస్తున్న మనిషి. "పోనీలెండి, నేను మేడమెట్ల మీద కూర్చుంటానండి" అని అతను లేచిపోబోయాడు. చివరికి కెమెరా వెనక ఉన్న ఈయన వైపు తిరిగి పిలవడానికి ఒప్పుకున్నారు. "ఏవండీ" అన్నారు. తర్వాత, ఎంత జాగ్రత్తగా అన్నా, "వెళ్ళొస్తానండీ" అనే వచ్చింది. మళ్ళీ తీశారు. మళ్ళీ వెళ్ళొస్తానే. ఆయన చిరాకుపడి, "'వస్తా' తీసెయ్యవే, ఒట్టి 'వెళ్తాను' చాలు" అన్నారు. "నాకు తెలుసండీ. నోరు తిరగట్లేదు. మీ మొహం చూస్తూ ఆ మాట ఎలా అంటాను?" అన్నారు పిన్నిగారు. అప్పటికి కళ్ళల్లో నీళ్ళు. క్యాసెట్ అయిపోవస్తోంది, కరెంటు పోయేలా ఉంది. ఆయన విసుగ్గా దాన్నే ఉంచేశారు.

ఆ శనివారం సినిమా వేశాక మా సందులో అందరూ టీవీలు ఆపేసి, తలుపు గడియలు మళ్ళీ చూసుకున్నారు. చచ్చిపోయిన మనిషి వెళ్తానంటే ఇంత భయం పుట్టేది కాదు. వెళ్ళొస్తానంది. ఎప్పుడొస్తుంది, ఏ వేళకి తలుపు తడుతుంది? ఆ ప్రశ్నతో ఊరు పడుకుంది. తెల్లారి పాలకోసం వీధిలోకి వచ్చినవాళ్ళు పిన్నిగారి మొహం వంక చూడ్డానికి జంకారు. ఆవిడ మాత్రం పొంగిపోయారు. "పొరపాటు నాది, పేరు ఈయనది" అని వీధిలో అందరితోనూ చెప్పారు. బాబాయిగారు నా ఒక్కదానితో, "నేను దెయ్యం గురించి రాశాను, మీ పిన్ని పెళ్ళాం గురించి మాట్లాడింది. అదే గెలిచిందమ్మా" అన్నారు.

తర్వాతి మూఢం రాకుండానే పిన్నిగారికి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆస్పత్రికి వెళ్ళడానికి ఆటో ఎక్కుతూ, "వెళ్ళొస్తానమ్మాయ్. పాలొస్తే గిన్నె లోపల పెట్టు, పిల్లి ఉంది" అన్నారు నాతో. పాలు వచ్చాయి. గిన్నె లోపల పెట్టాను. ఆవిడ రాలేదు.

కర్మకాండలు అయ్యాక బాబాయిగారు క్యాసెట్లు వెతకడం మొదలుపెట్టారు. ఎక్కడో ఒక పెళ్ళిలో, ఏ అద్దంలోనో, ఎవరి వెనకైనా, ఆవిడ ఒక్కసారైనా పడి ఉండదా అని. గోడల మీద ఆవిడ చేతి నీడ కనిపించేది. లైటు నిలకడగా ఉండేది. అంతే. ఫొటోలున్నాయి గానీ ఫొటోలో మనిషి కదలదు. మిగిలింది ఆ పది నిమిషాల సినిమా ఒక్కటి. అందులో ఖాళీ కుర్చీ ఉంది, గొంతు ఉంది. ఉప్పాడ చీర కట్టుకుని కెమెరా చూపుకి జానెడు పక్కన నిలబడిన మనిషి లేదు. "కాస్త ఇలా తిప్పితే పడేదమ్మా. ఇంత తిప్పితే చాలు" అని బొటనవేలు చూపించేవారు. నిజమే, అంత తిప్పితే చాలు.

మళ్ళీ మూఢం వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం నన్ను పిలిచారు. కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. గడపకి రాసేవాళ్ళు లేక పసుపు గుడ్డ వెలిసిపోయింది, కాస్త పసుపు కలిపి తడిపి మరీ తెచ్చారు. పేము కుర్చీ ఎదురుగా కెమెరా స్టాండు మీద పెట్టి, "లైటు పట్టుకోమ్మా" అన్నారు. కథేంటని నేను అడగలేదు. ఆయన మీట నొక్కి కెమెరా పక్కన నేల మీద కూర్చున్నారు. ఇద్దరం కుర్చీ వైపే చూశాం. నా చెయ్యి లాగేసింది, అయినా కదల్చలేదు. క్యాసెట్ అయిపోయి టక్కుమని ఆగింది. ఆయన లేచి దుప్పట్లు విప్పేశారు. ఎండ లోపలికి వచ్చాక అన్నారు. "దెయ్యాలు లేవమ్మా. ఉంటే మీ పిన్ని ఈపాటికి వచ్చేది. మాట తప్పే మనిషి కాదు."

నేను చాలామంది భయపడటం చూశాను. దెయ్యాలు లేవని తెలిసి అంత కుంగిపోయిన మనిషిని మాత్రం ఇంకొకర్ని చూడలేదు. ఆ తర్వాత ఆయన పెళ్ళిళ్ళు కూడా మానేశారు.

ఆ పాత క్యాసెట్‌ని మాత్రం రోజూ పెట్టుకునేవారు. సినిమా అంతా కాదు, చివరి మాట ఒక్కటే. వెనక్కి తిప్పడం, వినడం, మళ్ళీ తిప్పడం. గోదావరి గాలి తడి, క్యాసెట్ నిండా తెల్లటి బూజు. దూదితో స్పిరిట్ అద్ది తుడిచేవారు. టేపుకి ఒక గుణం ఉంది, ఏ ముక్కని ఎక్కువ ప్రేమిస్తే ఆ ముక్కే ముందు అరిగిపోతుంది. నాకు కాకినాడ బదిలీ అయ్యేనాటికి "ఏవండీ" వినిపించేది, తర్వాతది ఈదురుగాలిలో ఎవరో పిలిచినట్టుండేది. కేబుల్ అతను దాన్ని తీసుకెళ్ళి సీడీలోకి ఎక్కించి తెచ్చాడు. "ఆయ్, బొమ్మ శుభ్రంగా వచ్చిందండి" అన్నాడు పాపం. బొమ్మ శుభ్రంగానే వచ్చింది. ఖాళీ కుర్చీ, పౌడరు జుట్టుతో తన మొహం. మాట రాలేదు. బాబాయిగారు సీడీని బీరువాలో పెట్టేసి, ఆ అరిగిన క్యాసెట్‌నే మళ్ళీ పెట్టుకున్నారు. చివరిసారి నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒట్టి హోరు వింటున్నారు. "ఇక్కడ, ఇప్పుడంటుంది, విను" అన్నారు. నేను విన్నానని తల ఊపాను.

పరామర్శకి వెళ్ళాను. పట్టిసీమ నుంచి ఆయన తమ్ముడూ మరదలూ వచ్చి ఉన్నారు. వరండాలో అద్దెకి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. లోపల టీవీ పక్కన క్యాసెట్లన్నీ మూటగట్టి పెట్టారు. "ఇవి ఎవరికీ పనికిరావు కదమ్మా? పెట్టడానికి మిషన్లే లేవంటున్నారు" అని తమ్ముడుగారు అడిగారు. ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళండీ అవి, అన్నాను. "వాళ్ళొచ్చి తీసుకుంటారా?" అన్నారాయన. మంచి మనిషి, వెటకారంగా అనలేదు. రారని నాకూ తెలుసు.

పేము కుర్చీ ఉన్నచోటే ఉంది. వచ్చినవాళ్ళంతా ఎందుకో దాన్ని వదిలేసి ప్లాస్టిక్ కుర్చీల్లోనే కూర్చున్నారు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆయన చెప్పినట్టే చూశాను, చూపు కదపకుండా. చూసేవాడే ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టుకుంటాడు కదా. లేత రంగు ఉప్పాడ చీరనైనా, భుజం మీద కెమెరా బరువుకి ఒక పక్కకి ఒరిగిన మనిషినైనా. ఎంతసేపు చూసినా అది కుర్చీయే. పేము ఒకచోట ఊడి వేలాడుతోంది.

ఆటో వచ్చింది. గుమ్మం దాకా వచ్చి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాను. నోరు తెరిచాను. మరదలుగారు గబుక్కున నా చెయ్యి పట్టుకుని, "అనకమ్మా. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు. అలా వెళ్ళిపో" అన్నారు.

మెట్లు దిగాను. గడపకి పసుపు లేదు. ఆటో సందు మలుపు తిరిగేదాకా తెరిచిన తలుపులోంచి కుర్చీ కనిపిస్తూనే ఉంది.