చెన్నయ్య తాతరాయి

కొల్లాపూర్ దిక్కు మన్ను పనికి పోయే చెన్నయ్యకు యాభై దాటినయి. మోకాళ్లు ఎప్పుడో ఇడిసిపెట్టినయి, పనే ఇంక ఇడిసిపెడ్తలేదు. అసుంటోడు పెత్రమాస నాడు రెండు బస్సులు మారి యూనివర్సిటీ మ్యూజియానికి పోయిండు.

బొమ్మలు సూడనీకి గాదు. ఆయన చెలక గట్టు మీద తరాల సంది ఒక రాయి ఉండె. సగం మన్నుల కూరుకపోయి, దాని మీద చెక్కిన, పైకి లేపిన చెయ్యి ఒక్కటే జర కనవడేది. దీవిస్తున్నడని "తాత" అన్నరు. సచ్చిపోయిన పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు గా తాతకు బువ్వ పెట్టి, కల్లు పోసి, బీడి అంటిచ్చి పెట్టేటోళ్లు. పోయినేడు రోడ్డు ఎడల్పు చేసినప్పుడు యూనివర్సిటోళ్లు రాయిని తీస్కవోయిండ్రు. గడ్డపారేసి పెళ్లగిచ్చింది చెన్నయ్యనే. గా దినం దొరికిన పని గదే.

"నువ్వే లేపితివి, నువ్వే పోయి పెట్టి రా," అన్నది పెండ్లాం నర్సింగమ్మ. "మంచిగ పిలిసి పెట్టు. పిలువంది పెద్దలు రారు. తాత ఉపాసముంటే మన ఇల్లు నిలుస్తదా?"

గేటు కాడ కావలున్న విజేందర్ సంచి ఇప్పి సూసిండు.

"బువ్వ లోపలికి పోదు పెద్దాయినా. ఓర్నీ, కల్లు గూడనా! దావతనుకున్నవా?"

"నాకు గాదు బిడ్డా. లోపల మా తాత ఉన్నడు."

"దవాఖాన గాదే ఇది!"

సంచి గేటు కాడనే ఉండిపోయింది, చెన్నయ్య లోపలికి పోయిండు. ఒక అర్ర నిండ పటాలు. ఇంకో అర్రల చీనా గిన్నెలు, రాజుల కత్తులు. ఆ పక్కన బట్టల్లేని దొరసాని రాతిబొమ్మ. చెన్నయ్య తల తిప్పుకున్నడు. గింత నున్నటి జాగల కూసుండనీకి ఒక్క పీట లేకపాయె అనుకుంట కాళ్లీడ్సిండు.

ఆఖరి అర్రల తాత దొరికిండు. కడిగి, నిలవెట్టి, లైటేసి, సుట్టు తాడు కట్టిండ్రు. ఎనుకనే వచ్చిన విజేందర్ పలక మీది రాత సదివిండు.

"తాత గాదే ఇది. చెయ్యికి గాజులు సూడు. మొగడు లడాయిల సచ్చిపోతే చితి ఎక్కిన ఆడిమనిషి అని రాసిండ్రు."

చెన్నయ్య కండ్లు చిట్లిచ్చి సూసిండు. నిజంగనే గాజులు, ముంజేతి నిండ. మన్ను కడిగినంకనే తేలినయి.

"పానముండంగనేనా?"

"గట్లనే ఉంది."

చెన్నయ్య ఫోన్ తీసి పెండ్లానికి కొట్టిండు. "తాత గాదట. అవ్వనట."

నర్సింగమ్మ అటు దిక్కు మొత్తుకున్నది. "అయ్యో! గిన్నేండ్లు ఆడిమనిషికి బీడీలు పెడితిమా!"

"కల్లయితే తాగే ఉంటది."

"తాగకేం, మా అవ్వ తాగకపోయేదా? గని ఒక్కసారన్న అవ్వా అని పిలిస్తిమా? ఎన్నడన్న వచ్చి తిన్నదో లేదో..."

తాడు దాటనియ్యలె విజేందర్. "నా నౌకరి పోతది పెద్దాయినా. బయట గోడెనుక పెట్టుకో. నేను సూడలేదంట."

గోడెనుక చెన్నయ్య ఇస్తారేసి బువ్వ పెట్టిండు, కల్లు పోసిండు. ఊదుబత్తి గుచ్చి అగ్గిపుల్ల గీకబోయిండు. చెయ్యి ఆగింది. అగ్గిల పోయినామెకు మల్ల అగ్గెందుకు? అగ్గిపెట్టె జేబులేసుకున్నడు.

"అవ్వా," అన్నడు. కొత్త పిలుపు. "లోపల పెట్టనిస్తలేరు. నువ్వే జర బయటికి రా. తొందరేం లేదు, మెల్లగ రా. నాకు సుత కాళ్లు గుంజుతున్నయి."

గోడకు ఒరిగి కూసున్నడు.