టేకు చేప మెదడు మీద ఎర్ర గీత

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి మార్చారు. రెండు ఊళ్లలోనూ డిగ్రీ కాలేజీలు నడిపే యాజమాన్యం మాది, పేరు ఇక్కడ అనవసరం. హోదా జంతుశాస్త్ర విభాగాధిపతి. విభాగంలో ఉన్నది నేనూ, ఒక ల్యాబ్ అటెండరూ కాబట్టి ఆ ఆధిపత్యం ఎంతటిదో మీరే ఊహించుకోండి. అసలు పని ప్రాక్టికల్స్. విద్యార్థులు ఏడాది పొడవునా బొమ్మలు గీసే పుస్తకాన్ని రికార్డు అంటాం. దాని మీద ముందు నేను సంతకం పెట్టాలి. పరీక్ష రోజున బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రెండో సంతకం పెట్టాలి. ఆ రెండో సంతకం లేకపోతే విద్యార్థిని పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోయినట్టే.

ఈ రికార్డుల గుట్టు బయటివాళ్లకు తెలియదు. పిల్లలు జాడీలో ఉన్న జంతువు ముఖం కూడా చూడరు. పోయినేడు పాసైన సీనియర్ రికార్డు తెచ్చుకుని మక్కీకి మక్కీ దించేస్తారు. ఆ సీనియర్ అంతకు ముందువాడిది దించి ఉంటాడు. చేప మెదడు గీయమంటే అందరి రికార్డుల్లోనూ ఒకే సొరచేప మెదడు, అదే వంపు, అవే బాణం గుర్తులు. ఇది అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే ఏళ్ల తరబడి సంతకాలు పెట్టాను.

ఆ చలికాలంలో ఊళ్లో అక్వేరియం షాపు నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. "మేడం, షాపుల స్టింగ్‌రే సచ్చిపోయింది. పారేద్దామంటే పానం ఒప్పుతలేదు. మీ పిల్లలకేమన్న పనికొస్తదా?" అన్నాడు. కోస్తాలో వీటిని టేకు చేపలంటారు. రొట్టెలాంటి చదునైన ఒళ్లు, కొరడాలాంటి తోక, తోక మీద విషపు ముల్లు. అయితే ఇది సముద్రపుది కాదు, దక్షిణ అమెరికా నదుల జాతి. వీటి పూర్వీకులు సముద్రం నుంచే నదుల్లోకి చేరాయి. కోట్ల ఏళ్లు మంచినీళ్లలో బతికి బతికి, ఉప్పునీటిలో బతకడానికి కావలసిన ఏర్పాటునే ఇవి పోగొట్టుకున్నాయి. ఏ జాతి ఏ జాతికి చుట్టమో తేల్చడానికి శాస్త్రజ్ఞులు చూసే ఆనవాళ్లలో వీటి మెదడు ఆకారం కూడా ఒకటి. అలాంటి చేప కామారెడ్డిలో నా బల్ల మీదికి రావడం నా అదృష్టం అనుకున్నాను.

ఫార్మలిన్‌లో గట్టిపడనిచ్చాక, మెదడు బయటపెట్టే పని రజితకు ఇచ్చాను. ఎల్లారెడ్డి దారిలోని పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఫైనలియర్ అమ్మాయి. ఇంటి దగ్గర తల్లితో కలిసి బీడీలు చుడుతుంది. తునికాకు కత్తిరించి కత్తిరించి కుదురుకున్న చేయి. టేకు చేపకు ఎముకలుండవు, పుర్రె కూడా మృదులాస్థే, అంటే మన చెవి డొప్పలో ఉండేలాంటిది. దాన్ని సన్నని కత్తితో పొరలు పొరలుగా చెక్కుతూ పోవాలి. చేయి ఒక్కసారి జారితే కింద మెదడు చితికిపోతుంది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఒక్క గాటు పడలేదు.

తర్వాత తను గీసిన బొమ్మ తెచ్చి చూపించింది. కదలికలను అదుపుచేసే అనుమస్తిష్కం మడతలు మడతలుగా ఉంది, రెండు పక్కలా సమానంగా లేదు. నేనే అనుమానపడి మళ్లీ చూడమన్నాను. "మూడుసార్లు చూసిన మేడం. పెద్ద మడత ఒక దిక్కే ఒరిగింది. ఉన్నది ఉన్నట్టే గీసిన," అంది. లెన్సు పెట్టి చూశాను. పిల్ల చెప్పిందే నిజం. పుస్తకాలు తిరగేస్తే, టేకు చేపల వంశంలో అనుమస్తిష్కం ఇలా పెద్దదై, మడతలు పడి, ఒక పక్కకు ఒరగడం మామూలేనని తేలింది. సంతోషంగా సంతకం పెట్టాను. నా సర్వీసులో, జంతువును చూసి గీసిన రికార్డు బొమ్మ అదొక్కటే.

పరీక్ష రోజు వచ్చిన ఎక్స్‌టర్నల్ నాకంటే పదేళ్లు చిన్న. రజిత రికార్డు తెరిచి, ఆ బొమ్మకు అడ్డంగా ఎర్ర సిరాతో గీత కొట్టాడు. "మెదడు ఎక్కడన్న వంకర ఉంటదా మేడం? పుస్తకంల ఉన్నట్టు గీసుకొస్తేనే సంతకం పెడత," అన్నాడు. నేను ఆ మెదడున్న జాడీ తెచ్చి ముందు పెట్టాను. తల కూడా తిప్పలేదు. "జాడీకి మార్కులు వెయ్యం కద," అని నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది. చదువు చెప్పి జీతం తీసుకునే మనిషి, కళ్లముందున్న మెదడును చూడనని భీష్మించుకుని కూర్చోవడం కన్నా సిగ్గుమాలినతనం ఏముంటుంది?

మరి నేనేం చేశాను? ఎక్స్‌టర్నల్‌తో ఏకీభవించకపోతే ఇంటర్నల్ ఎగ్జామినర్, అంటే నేను, మార్కుల షీటు మీదే అభ్యంతరం రాయవచ్చు. నిబంధన నాకు కంఠతా వచ్చు. రాస్తే విచారణ వస్తుంది, క్లాసు మొత్తానికి ఫలితాలు ఆగుతాయి, రిటైరయ్యే ముందు నాకెందుకీ రొష్టు అనుకున్నాను. రజిత నా వైపే చూస్తోంది. "మార్చి గీయమ్మా," అన్నాను.

పక్క అమ్మాయి రికార్డు తీసుకుని, పది నిమిషాల్లో సొరచేప మెదడు దించి, కింద టేకు చేప అని రాసింది. ఆయన భేషుగ్గా ఉందని సంతకం పెట్టి, రికార్డుకు పూర్తి మార్కులు వేశాడు. ఆ సంతకం పక్కన నాదీ పెట్టాను.

సాయంత్రం బస్సుకు వెళ్లబోతూ రజిత ల్యాబు గుమ్మం దగ్గర ఆగింది. "మేడం, నేను ముందు గీసింది తప్పా?" అని అడిగింది. కాదన్నాను. "మరి గప్పుడు ఎందుకు చెప్పలే?"

బస్సు తప్పుతుంది, వెళ్లమ్మా అన్నాను. ఆ ఎగ్జామినర్ తెలియక తప్పు చేశాడు. నేను తెలిసి చేశాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నాకు చెప్పడానికి విచారణ సంఘం అక్కర్లేదు.