పాటల ఆట, నా చెవులు

నా చెవులు పోతున్నాయని నాకు తెలిసి రెండేళ్లు దాటింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు. నాచారంలో రేకు ముక్కలు కొట్టే ప్రెస్సు షాపులో పంతొమ్మిదేళ్లుగా ఆపరేటర్‌ని. మా పనిలో చెవే పెద్ద పనిముట్టు. రేకును కోసే అచ్చు, అదే డై, మొద్దుబారిందంటే దెబ్బ చప్పుడు మారుతుంది. ముక్క చూడకుండానే మిషన్ ఆపేయాలి. చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలు ఇస్తారు గానీ, అవి పెట్టుకుంటే ఆ తేడా తెలియదని సీనియర్లందరం జేబులో వేసుకుని తిరిగేవాళ్లం. పెట్టుకున్నవాడిని కొత్త పెళ్లికూతురని ఏడిపించిన వాళ్లలో నేనే ముందుండేవాణ్ణి. దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను.

వినిపించని ఆపరేటర్‌ని ఏ షాపులోనూ మిషన్ మీద ఉంచరు. ప్యాకింగుకు పంపుతారు, లేదంటే ఇంటికి పంపుతారు. అందుకని మిషన్ ఒంటికి అరచెయ్యి ఆనించి, అదురును బట్టి డై సంగతి కనిపెట్టడం నేర్చుకున్నాను. సూపర్‌వైజరుకు అనుమానం రాలేదు.

ఇంట్లో ఎవరి ఒంటికి చెయ్యి ఆనించను? అక్కడ మూడు మాటలతో నెట్టుకొచ్చాను. "ఊఁ", "సరే", "మంచిదే". ఎవరేమన్నా ఈ మూడింట్లో ఒకటి అతుకుతుంది. ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేలా మాట్లాడితే చాలావరకు నాకు అందుతుంది. వెనక నుంచి, పక్క గదిలోంచి అంటే మాత్రం, గొంతు చించుకుని అరిస్తే తప్ప, ఈ మూడే దిక్కు. అతకని రోజున నా భార్య అది నా పొగరనుకునేది. "చెవులల్ల దూది పెట్టుకున్నవా ఏంది? ఎన్నిసార్లు మొత్తుకోవాలె నీతోని?" అనేది. పొగరుబోతు అనిపించుకోవడం చెవిటివాడు అనిపించుకోవడం కంటే నయంగా తోచింది నాకు. పొగరు నాకు ముందు నుంచీ ఉన్నదే కాబట్టి అందరూ ఇట్టే నమ్మారు.

మాకు ఒక్కతే కూతురు. ఇంటర్ మొదటి సంవత్సరం, కాలేజీ ఉప్పల్‌లో. పోయిన వానాకాలం దాకా ఇల్లు పీకి పందిరేసే పిల్ల. నేను ఒకటంటే తను నాలుగు అంటించేది. ఉన్నట్టుండి మాటలు తగ్గించేసింది. కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చేది. వచ్చీ రాగానే మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, అరచేతుల్లో ఇమిడే గేమ్ మిషన్‌లో తల దూర్చేది. మా బావమరిది తన మోజు తీరాక మేనకోడలికి ఇచ్చేసిన మిషన్ అది.

అందులో పాటల ఆట ఒకటుంది. పాడేవాళ్లు మనుషులు కారు, కంప్యూటర్‌లో పుట్టిన బొమ్మపిల్లలు. వాళ్ల గొంతు కూడా తయారు చేసిందే. రంగురంగుల జుట్టుతో స్టేజీ మీద గంతులేస్తూ జపాను భాషలో పాడతారు. పాట నడుస్తుంటే తెర మీదికి గుర్తులు ఎగురుకుంటూ వస్తాయి. తాళం తప్పకుండా సరిగ్గా ఆ క్షణానికి ఆ గుర్తున్న బటన్ నొక్కాలి. ముందు నొక్కినా తప్పే, వెనక నొక్కినా తప్పే.

నాకు ఒళ్లు మండేది. "బొమ్మలు పాడుడు, నువ్వు నొక్కుడు! సదువు ఎవరు సదువుతరు, మీ మామనా?" అని ఒకరోజు ఆ మిషన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్ల తిరగబడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే తిరగబడాలనే కోరుకున్నాను. తను మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు కంచం ముందు కూర్చుని, మెతుకులు కెలికి లేచిపోయింది. వాళ్లమ్మ "వయసు గట్లనే ఉంటది, నువ్వు జర ఊకో" అంది. నాకు భయం పట్టుకుంది. నా మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగనుకుంటున్నట్టు ఉంది ఆ పిల్ల చూపు. ఏం తప్పు చేశానో ఎంత ఆలోచించినా తెలియలేదు.

మూడో రోజు తాళం తీసి మిషన్ చేతిలో పెట్టాను. "నాకు గూడ నేర్పు బిడ్డా" అన్నాను. నమ్మలేనట్టు చూసింది. నాకు ఆ బొమ్మల మీద ప్రేమేం పుట్టలేదు. నా కూతుర్ని మళ్లీ మాటల్లో పెట్టడానికి వేరే దారి దొరకలేదంతే.

మొదట్లో నా వేళ్లు ఒకదాని మీద ఒకటి పడేవి. ప్రెస్సు లివరుకు అలవాటైన బొటనవేలికి ఆ చిన్న బటన్లు ఆనేవి కావు. వారం తిరిగేసరికి దారిలో పడ్డాను. చూపు గుర్తుల మీద, ధ్యాస చేతిలో సన్నగా అదిరే అదురు మీద. అది నాకు తెలిసిన విద్యే కదా. పాట సంగతంటారా, ఎంత సౌండు పెట్టినా నాకు అందేది దూరంగా పిండిమర తిరుగుతున్నట్టు ఒక గుయ్ మాత్రమే. అయినా ప్రతి పాట అయ్యాక "మంచిగున్నది" అనేవాణ్ణి. "మస్తు ఆడుతున్నవ్ డాడీ! ఈ పాట నాకే వస్తలేదు" అంది ఒకసారి, నా వైపు తిరిగి నవ్వుతూ. ఆ నవ్వు చూసి నెలలైంది. మర్నాడు షాపులో మిషన్ మీద కూడా ఈల వేసుకుంటూ పనిచేశాను, ఆ ఈల నాకు వినిపించకపోయినా.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్య బోడుప్పల్‌లో వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. పిల్ల తలస్నానం చేసి జుట్టు ఆరబోసుకుని నా పక్కన కూర్చుంది. చాలా కష్టమైన పాట పెట్టింది. నేను రెండే తప్పులతో గట్టెక్కాను. హుషారులో ఎప్పుడూ అనే మాటకు ఇంకొంచెం తగిలించాను.

"అన్నిట్ల గీ పాటనే మంచిగున్నది బిడ్డా. ఆ పిల్ల గొంతు ఎంత మెత్తగున్నదో!"

పిల్ల నా వైపు తిరిగింది. తర్వాత జుట్టు వెనక్కి తోసింది. రెండు చెవుల్లోనూ వైరు లేని తెల్లటి ఇయర్‌ఫోన్లు.

"పాట నా చెవులల్ల వస్తున్నది డాడీ. బయటికి రాలే. నీకెట్ల ఇనబడ్డది?"

ఆ పూట ఆ గుయ్ కూడా లేదని నాకు అప్పుడు తట్టింది. దొరికిపోయినవాడు చేసే పనే చేశాను. గయ్యిమన్నాను. "తండ్రికే పరీక్ష పెడుతున్నవా?"

"పరీక్ష కాదు. తానం జేసినంక పెట్టుకున్న, మిషన్‌కు దానంతటదే కనెక్ట్ అయింది. నేను గూడ సూసుకోలే." ఇంకా నా మొహమే చూస్తోంది. "డాడీ, నీకు ఇనబడుతలేదా?"

ఆ మాటను పెదాల మీద చదివాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "తక్కువైంది బిడ్డా. రెండేండ్లాయె. మీ మమ్మీకి చెప్పకు. షాపుల తెలిస్తే మిషన్ మీదికెళ్లి తీసేస్తరు" అన్నాను. జాలిపడుతుందనుకుని తల దించుకున్నాను. జాలిపడితే మళ్లీ కోప్పడాలని కూడా సిద్ధపడ్డాను.

తను షాపు సంగతి పట్టించుకోనే లేదు. వేళ్లతో నా మోచెయ్యి తట్టి తల ఎత్తమంది. "వానలు పడ్డప్పుడు, నువ్వు డ్యూటీ నుంచి వచ్చి నల్లా కాడ మొఖం కడుక్కుంటున్నవ్. నేను ఎనక నిలబడి ఒక ముచ్చట చెప్పిన. యాదికున్నదా?"

నాకేమీ గుర్తు లేదు. నల్లా దగ్గర మొహం కడుక్కున్న రోజులు ఎన్ని లేవు? "ఏం చెప్పినవ్?" అన్నాను.

"నువ్వు మంచిదే అన్నవ్. తువ్వాల తీసుకొని లోపటికి పోయినవ్."

"ఏం చెప్పినవ్ బిడ్డా? మళ్ల చెప్పు" అని అడిగాను. తల వంచుకుని ఏదో అంది. నాకు అందలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ అలాగే, ఒళ్లో చేతులు చూసుకుంటూ చెప్పింది. జుట్టు మొహానికి అడ్డం పడింది. పెదాలు కనిపించడం లేదు. "నా దిక్కు సూసి చెప్పు" అన్నాను.

తల ఎత్తింది. కళ్ల నిండా నీళ్లు. "నీ దిక్కు సూసి చెప్పరాదు డాడీ. అందుకే ఆ రోజు ఎనక నుంచి చెప్పిన."

నేను వీపు తిప్పి ఉన్నప్పుడే తనకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యానికి నేనిచ్చిన జవాబు "మంచిదే". అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

పిల్ల లేచింది. వీధి తలుపు వేసి గడియ పెట్టింది. వంటింటి కిటికీ మూసింది. పక్క పోర్షన్ వాళ్ల వైపున్న కిటికీ రెక్కలు రెండూ లాగి బిగించింది. ఫ్యాను కూడా ఆపేసింది. నాకు వీపు పెట్టి గోడకు ఎదురుగా నిలబడింది. పిడికిళ్లు బిగుసుకోవడం చూశాను. తర్వాత తన గొంతులో ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"షేర్ ఆటో ఎక్కితే సాలు, ఒకడు నా పక్కకే వచ్చి కూసుంటుండు డాడీ! మీద చెయ్యి ఏస్తుండు! తియ్యమంటే తీస్తలేడు! దిగితే ఎంబడి వస్తుండు! అందుకే రోజు ఉప్పల్ నుంచి నడిచి వస్తున్న!"

మెల్లగా, పక్కన కూర్చుని చెప్పుకోవాల్సిన మాటలు అవి. వాటిని నా కూతురు మెడనరాలు ఉబ్బేలా గోడకు అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఇనబడ్డదా డాడీ?" వెనక్కి తిరగకుండానే మళ్లీ అరిచింది.

"ఇనబడ్డది" అని నేనూ అంత గట్టిగానే అరిచాను.